గృహాలంకరణలో జపనీయ సంప్రదాయ కళ

చిత్రపు చుట్టలు, మడత తెరలు, జరుపు తలుపుల చిత్రాలు, పూల అమరిక, లక్క పని, పింగాణీ, కొయ్యపని, చేతి కాగితం వంటి జపాన్ సంప్రదాయ కళలతో నివాస గృహాలను తీర్చిదిద్దే పద్ధతి ఇది. ఈ కళల్లో చాలావరకు పుట్టుకతోనే గదికి చెందినవి. చిత్రం తలుపు మీద ఉంటుంది, తెర గదిని విడదీస్తుంది, చుట్ట గోడ గూటిలో వేలాడుతుంది. ఉన్న వస్తువులన్నీ ఒకేసారి కనబడేలా పెట్టరు. ఋతువును, సందర్భాన్ని, వచ్చే అతిథిని బట్టి కొద్దిపాటి వస్తువులను ఎంచి అమర్చి, పని తీరగానే భద్రపరుస్తారు. ఈ మార్పే సంప్రదాయానికి ప్రధాన లక్షణం.

నిర్వచనం, పరిధి

సందర్భానికి తగినట్టు గదిని సిద్ధం చేయడాన్ని జపాన్‌లో షిత్సురాయి అంటారు. ఇందులో వాడే కళారూపాలు రెండు తరగతులు. మొదటివి కట్టడంలో కలిసిపోయినవి: గోడ గూడు (టోకోనోమా), బొమ్మలు వేసిన జరుపు తలుపులు (ఫుసుమా), తలుపుల పైన అమర్చే చెక్కడపు పలకలు (రన్మా), జాలీ పని (కుమికో). రెండోవి కదిలించగలిగినవి: వేలాడే చుట్ట (కకెజికు), మడత తెర (బ్యోబు), పూలపాత్ర, ధూపపాత్ర, లక్క పూత పెట్టెలు, గుమ్మపు తెర (నోరెన్), కాగితపు దీపాలు.

చరిత్ర

హెయాన్ యుగం (794–1185): రాజవంశీకుల భవనాల్లో లోపలి గోడలు చాలా తక్కువ. విశాలమైన చావడిని మడత తెరలు, బట్ట తెరలు, వెదురు తడికలతో అవసరమైనప్పుడు భాగాలుగా చేసుకునేవారు. నేలంతా చెక్క పలకలే. మనిషి కూర్చునే చోట మాత్రమే టాటామీ చాప వేసేవారు. గెంజి గాథ అనే నవల ఆధారంగా 12వ శతాబ్దంలో గీసిన చిత్రపు చుట్టల్లో ఈ ఏర్పాటంతా కనిపిస్తుంది. ఇంతకంటే పాతవైన 8వ శతాబ్దపు తెరలు నారాలోని షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.

మురోమాచి యుగం (1336–1573): గదులకు స్థిరమైన గోడలు, నేలంతా పరిచిన టాటామీలు, గోడలో కలిసిన రాతబల్ల, ఎత్తుపల్లాల అరలు ఈ కాలంలోనే వచ్చాయి. ఈ నిర్మాణ శైలిని షోయిన్ అంటారు. క్యోటోలోని గింకకు-జి ఆవరణలో మాజీ షోగన్ (సైనిక పాలకుడు) అషికాగా యోషిమాసా 1486లో కట్టించిన తోగుదో మందిరంలో నాలుగున్నర చాపల దోజిన్‌సాయి అనే గది ఉంది. ఇప్పటికీ నిలిచి ఉన్న షోయిన్ గదుల్లో అతి ప్రాచీనమైనదిగా దీన్ని పరిగణిస్తారు. షోగన్ల కొలువులో కళాసలహాదారులైన నోఆమి, సోఆమి చైనా నుంచి వచ్చిన చిత్రాలను, పాత్రలను ఏ వరుసలో పెట్టాలో వివరిస్తూ ఒక అమరిక గ్రంథాన్ని కూర్చారు. వస్తువు విలువతో పాటు దాని స్థానాన్నీ, పక్కన ఏది ఉందన్న విషయాన్నీ పట్టించుకునే ధోరణి దీనితో శాస్త్రంగా స్థిరపడింది.

మొమొయామా యుగం (16వ శతాబ్దం చివరి భాగం): యుద్ధ ప్రభువుల కోటల్లో గదులు పెద్దవి, లోపల వెలుతురు తక్కువ. బంగారు రేకు నేపథ్యంగా వేసిన భారీ చిత్రాలు ఉన్న కాస్త వెలుగును గదిలోకి తిప్పికొట్టేవి, ప్రభువు సంపదను చాటేవి. ఓడా నొబునాగా అజుచి కోటకు కానో ఐతొకు (1543–1590) బృందం వేసిన చిత్రాలు 1582లో కోటతోపాటు నాశనమయ్యాయి. అదే కాలంలో తేనీటి ఆచార్యుడు సెన్ నో రిక్యూ (1522–1591) ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి పట్టాడు. ఆయన రూపొందించినదిగా పేరున్న తాయిఆన్ తేనీటి గది రెండు చాపల వైశాల్యం మాత్రమే. గోడలు మట్టిపూతతో, గూడు లోపలి మూలలు కూడా మట్టితో నునుపుగా మూసి ఉంటాయి.

ఎడో యుగం (1603–1868): క్యోటోలోని నిజో కోటలో కానో తన్‌యూ (1602–1674) బృందం 1626 ప్రాంతంలో వేసిన పైన్ చెట్ల చిత్రాలు అధికారానికి చిహ్నాలు. తవరాయా సోతాత్సు, ఓగతా కోరిన్‌ల రిన్పా ధోరణి చదునైన రంగులతో, పునరావృతమయ్యే ఆకృతులతో తెరలకు కొత్త రూపం ఇచ్చింది. పట్టణాల్లో సామాన్యుల ఇళ్లకు చవకైన ముద్రణ చిత్రాలు అందుబాటులోకి వచ్చాయి. 1868 తర్వాతి మెయిజీ కాలంలో గోడ గూడు మధ్యతరగతి ఇళ్లలోకి విస్తరించింది. 20వ శతాబ్దపు రెండో భాగంలో అపార్టుమెంట్లు, కుర్చీలు, బల్లలు పెరిగేకొద్దీ చాపల గది, దానితో పాటు గూడు తగ్గుతూ వచ్చాయి.

ప్రధాన రూపాలు

గోడ గూడు (టోకోనోమా)

ముఖ్యమైన గదిలో ఒక గోడకు లోతుగా కట్టిన భాగం ఇది. నేలకంటే కొద్దిగా ఎత్తుగా ఉంటుంది. దీని పక్కన నిలిపే స్తంభం (టోకోబషిరా) గదిలో అందరి దృష్టినీ లాగే కొయ్య. బెరడు ఒలిచి నునుపు చేసిన కితాయామా దేవదారు దుంగ ఇందుకు పేరుపొందింది. గూటిలో ఒక చుట్ట, ఒక పూల అమరిక, అప్పుడప్పుడు ఒక ధూపపాత్ర మాత్రమే ఉంటాయి. ప్రధాన అతిథిని గూటికి దగ్గరగా, దానికి వీపు ఉండేలా కూర్చోబెట్టడం మర్యాద. గూటిలో కాలు పెట్టరు. స్థలం చాలని ఇళ్లకు నేల ఎత్తు లేని గూడు, గోడకు పైభాగంలో మాత్రమే కట్టే గూడు, ఎక్కడైనా పెట్టుకోగల బల్ల రూపం వంటి రకాలున్నాయి.

వేలాడే చుట్ట (కకెజికు)

కాగితం లేదా పట్టు మీద వేసిన చిత్రాన్నో, చేతిరాతనో బట్ట అంచులతో అతికించి, అడుగున గుండ్రటి కర్ర బిగించి వేలాడదీస్తారు. బౌద్ధంతో పాటు చైనా నుంచి వచ్చిన ఈ రూపం జపాన్‌లో గూటి కోసం ప్రత్యేకంగా ఎదిగింది. చుట్టి పెట్టెలో పెట్టడం తేలిక కాబట్టి ఒకే ఇంట్లో పది చుట్టలున్నా కనిపించేది ఒక్కటే. కొత్త సంవత్సరానికి సూర్యోదయం, కొంగలు, వసంతానికి ప్లమ్ పూలు, చెర్రీ, వేసవికి జలపాతం, శరదృతువుకు చంద్రుడు, ఎర్రబారిన మేపుల్ ఆకులు ఆనవాయితీ.

మడత తెర (బ్యోబు)

రెండు, నాలుగు, ఆరు లేదా ఎనిమిది పలకలతో ఉండే తెర. ఆరు పలకల తెరలను తరచు జంటగా చేస్తారు. తొలి తెరల్లో ఒక్కొక్క పలకకు వేరే చట్రం ఉండి తోలు లేదా తాడుతో కలిపేవారు. అందువల్ల చిత్రం ముక్కలుగా కనబడేది. 14వ శతాబ్దానికి కాగితపు కీళ్లు వచ్చాక పలకల మధ్య ఖాళీ పోయి, చిత్రం ఆ చివరనుంచి ఈ చివరకు ఏకంగా సాగింది. తెరను కుడినుంచి ఎడమకు చూడాలి. ఋతుచక్రం చూపే తెరల్లో వసంతం కుడివైపు మొదలై శీతాకాలం ఎడమవైపు ముగుస్తుంది. టోక్యోలోని నెజు మ్యూజియంలో ఉన్న ఓగతా కోరిన్ ఐరిస్ పూల తెరలు (18వ శతాబ్దం ఆరంభం) బంగారు రేకు మీద నీలం, ఆకుపచ్చ రంగులతో వేసినవి. తెరను వంకరగా నిలబెట్టినప్పుడు పూల గుంపులు కొన్ని ముందుకు వస్తాయి, కొన్ని వెనక్కి జరుగుతాయి. చిత్రకారుడు ఆ మడతలను లెక్కలోకి తీసుకునే గీశాడు. హసెగావా తోహకు పైన్ చెట్ల తెరల (16వ శతాబ్దం చివర, టోక్యో జాతీయ మ్యూజియం) పద్ధతి వేరు. బంగారం లేదు, రంగు లేదు. నల్ల సిరా ఛాయలతో, చెట్ల మధ్య వదిలిన తెల్ల కాగితంతోనే పొగమంచు కనిపిస్తుంది.

జరుపు తలుపులు, అచ్చు కాగితం

ఫుసుమా అంటే రెండువైపులా మందమైన కాగితం అతికించిన తలుపు. షోజీ అంటే వెలుగు వడకట్టే పలుచటి కాగితం అతికించిన చట్రం. ఫుసుమా మీద పెద్ద చిత్రాలు వేయించడం ఆలయాలకు, కోటలకు చెల్లింది. ఇళ్లలో అచ్చు వేసిన కరకామి కాగితం వాడేవారు. క్యోటోలో 1624లో స్థాపించిన కరచో సంస్థ ఇప్పటికీ ఈ పని చేస్తోంది. అచ్చు వేసే తీరు ప్రత్యేకమైనది. అభ్రకం పొడిని సముద్రపు నాచు జిగురుతో కలిపి, గాజుగుడ్డ బిగించిన గుండ్రటి చట్రం మీద పూస్తారు. ఆ చట్రాన్ని చెక్క అచ్చు మీద మెల్లగా తడుతూ రంగు అంటిస్తారు. పైన కాగితం పరిచి, ఏ పరికరమూ లేకుండా అరచేత్తో నిమురుతారు. ఒత్తిడి తక్కువ కావడంతో రంగు కాగితంలోకి ఇంకకుండా పైన నిలుస్తుంది. పగటి వెలుతురులో దాదాపు కనిపించని ఆ నమూనా దీపపు వెలుగు పక్కనుంచి పడినప్పుడు మెరుస్తుంది.

ముద్రణ చిత్రాలు (ఉకియో-ఎ)

చెర్రీ చెక్క మీద చెక్కి, వాషి అనే చేతి కాగితం మీద ముద్రించే చిత్రాలు ఇవి. చిత్రకారుడు, చెక్కేవాడు, ముద్రించేవాడు, ప్రచురణకర్త కలిసి చేసే పని. 1765లో సుజుకి హరునొబు కాలంలో బహువర్ణ ముద్రణ స్థిరపడింది. కత్సుషికా హొకుసాయి (1760–1849) ఫూజీ పర్వత దృశ్యాలు పేరుకు 36 అయినా, ఆదరణ వల్ల మరో 10 చేరి 46 అయ్యాయి. ఉతగవా హిరొషిగే (1797–1858) తొకాయిదో దారి మజిలీల చిత్రాలు 1833–34లో వచ్చాయి. ఈ చిత్రాలను ఎక్కువగా చేతుల్లోకి తీసుకుని చూసేవారు, సంపుటాల్లో దాచుకునేవారు. ఇంటి స్తంభాలకు వేలాడదీయడానికి సన్నగా, పొడవుగా చేసిన హషిరా-ఎ మాత్రం ప్రత్యేకంగా గృహాలంకరణ కోసం ఉద్దేశించిన రకం.

పూల అమరిక (ఇకెబానా)

బుద్ధునికి పూలు సమర్పించే ఆచారం నుంచి ఎదిగిన కళ. క్యోటోలోని రొక్కాకు-దో ఆలయ పూజారుల ఇకెనోబో సంప్రదాయం అతి ప్రాచీనమైనది. ఇకెనోబో సెంకెయి అమర్చిన పూల ప్రస్తావన 1462 నాటి దినచర్య గ్రంథంలో ఉంది. 19వ శతాబ్దం చివర ఒహారా శాఖ వెడల్పు పళ్లెంలో అమర్చే మొరిబానా తెచ్చింది. 1927లో టెషిగహారా సోఫు స్థాపించిన సోగెత్సు శాఖ గూటి హద్దులు దాటి ఏ గదికైనా, ఏ సామగ్రితోనైనా అమరికను అనుమతించింది. తేనీటి గదికి ఒకటి రెండు పూలు చాలు. రిక్యూ 1590లో ఒదవారా ముట్టడి సమయంలో వెదురు బొంగు కోసి చేసిన పూలపాత్ర ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. వెదురుకు వచ్చిన పగులును దాచకపోవడం దాని విశేషం.

లక్క, పింగాణీ, కొయ్యపని

జపాన్ లక్క (ఉరుషి) చెట్టు పాలు. ఏటికొప్పాక బొమ్మల్లో వాడే లక్క కీటకాలనుంచి వచ్చేది కాబట్టి రెండూ వేర్వేరు పదార్థాలు. ఉరుషి ఆరడానికి ఎండ పనికిరాదు. తేమ ఎక్కువగా ఉన్న మూసిన అల్మారాలో ఉంచితేనే గట్టిపడుతుంది. తడి లక్క మీద బంగారు పొడి చల్లి బొమ్మ తీర్చడాన్ని మకి-ఎ అంటారు. నోతో ద్వీపకల్పంలోని వజిమా లక్క పనికి ప్రసిద్ధి. 2024 జనవరి 1న వచ్చిన భూకంపంలో అక్కడి కార్యశాలలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. క్యూషూలోని అరితా 17వ శతాబ్దం నుంచి పింగాణీ కేంద్రం. ఎగుమతి అయిన రేవు పేరిట దాన్ని ఇమారి అంటారు. బిజెన్ మట్టిపాత్రలకు పైపూత ఉండదు, కొలిమి మంట, బూడిద వేసిన మచ్చలే వాటి అలంకారం. తొయామా ప్రాంతంలోని ఇనామి చెక్కడపు పనివారు రన్మా పలకలకు పేరుపొందారు. మేకులు లేకుండా సన్నటి పుల్లలు కూర్చి చేసే కుమికో జాలీలో జనపనార ఆకు నమూనా సర్వసాధారణం.

సామగ్రి, పనితనం

కాగితపు పొరలు అతికించే పని (హ్యోగు) చుట్టలు, తెరలు, జరుపు తలుపులకు ఆధారం. చిత్రం వెనుక ముందు మినో కాగితం, తర్వాత ఆల్చిప్పల పొడి కలిపిన మిసు కాగితం, చివరన మట్టి కలిపిన ఉదా కాగితం వరుసగా అతికిస్తారు. గోధుమ గంజిని జాడీల్లో పదేళ్ల వరకూ పులియబెట్టి చేసిన పాత జిగురు వాడతారు. దాని పట్టు బలహీనం కనుక బరువైన కుంచెతో కాగితాన్ని పదేపదే తట్టి అతికిస్తారు. అలా చేసిన చుట్ట బిరుసెక్కదు, చుట్టినా విప్పినా విరగదు, వందేళ్ల తర్వాత తడిపి విప్పి కొత్తగా అతికించవచ్చు. మరమ్మతుకు వీలుండేలా తయారు చేయడం ఇక్కడ మొదటి నియమం.

వాషి కాగితాన్ని మల్బరీ జాతికి చెందిన కోజోతో పాటు మిత్సుమతా, గంపి మొక్కల బెరడు నారలతో చేస్తారు. యునెస్కో 2014లో సెకిషూ, మినో, హొసొకావా ప్రాంతాల కాగితపు పనిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. జపాన్ బంగారు రేకు దాదాపు అంతా కనజవాలోనే తయారవుతుంది. దాని మందం మిల్లీమీటరులో సుమారు పదివేల వంతు. చేతి కాగితాల మధ్య పెట్టి కొట్టే సంప్రదాయ పద్ధతి, కొయ్య కట్టడాల పరిరక్షణ విద్యల్లో భాగంగా 2020లో యునెస్కో జాబితాలో చేరింది. సంప్రదాయ చేతివృత్తుల చట్టం (1974) కింద జపాన్ ప్రభుత్వం 240కి పైగా వృత్తులను గుర్తించింది.

అమరిక సూత్రాలు

ఋతువు: పువ్వు పూయడానికి కాస్త ముందే దాని చిత్రం గూటిలోకి రావాలి, పూత ముగిసేలోగా తీసేయాలి. నిజమైన చెర్రీ కొమ్మ పెట్టినప్పుడు చెర్రీ చిత్రం వేలాడదీయడం పునరుక్తిగా భావిస్తారు.

ఖాళీ: వస్తువుల మధ్య విడిచిన స్థలం (మా) అమరికలో భాగమే. చుట్టకు ఇరువైపులా గోడ ఖాళీగా ఉంటుంది.

ఎత్తు: ఈ కళ నేలమీద కూర్చున్నవారి చూపుకు తగినట్టు రూపొందింది. కుర్చీలున్న గదిలో అదే చుట్టను అలాగే పెడితే కిందికి దిగినట్టు కనిపిస్తుంది.

వెలుతురు: షోజీ గుండా పక్కనుంచి వచ్చే మెత్తటి వెలుగులోనే లక్క, బంగారం, అభ్రకం తమ గుణం చూపిస్తాయి. రచయిత తనిజాకి జునిచిరో 1933 నాటి నీడల గురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ అంశాన్ని విస్తారంగా చర్చించాడు.

పాతదనం: వాడుకతో వచ్చిన మెరుగు, అతుకు, అసమానత లోపాలుగా లెక్కకు రావు. విరిగిన పాత్రను లక్కతో అతికించి బంగారు పొడి అద్దే కింత్సుగి ఈ భావానికి ఉదాహరణ.

జపాన్ వెలుపల వ్యాప్తి

1854లో జపాన్ రేవులు తెరవడం మొదలైంది. ఆ తర్వాత లండన్ (1862), పారిస్ (1867), వియన్నా (1873) ప్రదర్శనల ద్వారా ఈ వస్తువులు యూరప్ ఇళ్లకు చేరాయి. ఈ ప్రభావాన్ని 1872లో ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ బుర్తీ జపానిజం అన్నాడు. లండన్‌లో ఆర్థర్ లిబర్టీ 1875లో తూర్పుదేశాల వస్తువుల దుకాణం తెరిచాడు. చిత్రకారుడు విస్లర్ 1876–77లో అలంకరించిన నెమళ్ల గది ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రియర్ గ్యాలరీలో ఉంది. చిత్రకారుడు మోనే ఝివెర్నీ ఇంటి గోడల నిండా ఉకియో-ఎ చిత్రాలు వేలాడదీశాడు. అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మోర్స్ జపాన్ ఇళ్ల గురించి రాసిన గ్రంథం కట్టడం, వస్తువులు, వాటి వాడకాన్ని కలిపి వివరించింది. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఉకియో-ఎ సేకర్త, వర్తకుడు కూడా. శిల్పి ఇసాము నొగూచి 1951లో గిఫు లాంతర్ల కేంద్రాన్ని చూసి, వెదురు, వాషితో అకారి దీపాలను రూపొందించాడు.

యూరప్‌లో తొలితరం అలంకరణ జపాన్ పద్ధతికి తరచు విరుద్ధంగా ఉండేది. విసనకర్రలు, తెరలు, కుండలు, కిమోనోలు ఒకే గదిలో కిక్కిరిసేవి. సంఖ్య తగ్గించి ఖాళీని నిలిపే ధోరణి 20వ శతాబ్దపు ఆధునిక వాస్తుశిల్పంతో బలపడింది.

భారతదేశంలో

జపాన్ కళా పండితుడు ఒకకురా కకుజో 1901–02లో భారతదేశానికి వచ్చి ఠాగూర్ కుటుంబంతో స్నేహం చేశాడు. ఆయన శిష్యులు యొకొయామా తాయికన్, హిషిదా షున్సో 1903లో కలకత్తా వచ్చారు. వారి పద్ధతి ప్రభావంతో అవనీంద్రనాథ్ ఠాగూర్ నీటిరంగుల పలుచటి పూతల శైలిని తీర్చుకున్నాడు. బెంగాల్ శైలి చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించడంతో ఈ ధోరణి తెలుగునాటికీ చేరింది. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు.

హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరించిన వస్తువుల్లో జపాన్ పింగాణీ, సత్సుమా పాత్రలు, దంతపు చెక్కడాలు, ఖడ్గాలు ఉన్నాయి. ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదలైంది. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనానికి మారింది. జపాన్ వస్తువులను దగ్గరగా చూడదలచిన తెలుగువారికి ఇది ముఖ్యమైన చోటు. పుదుచ్చేరిలోని గోల్కొండ వసతిగృహం మరో రకమైన ఉదాహరణ. టోక్యోలో పనిచేసిన ఆంటొనిన్ రేమండ్, ఆయన సహచరుడు జార్జ్ నకాషిమా దీన్ని తీర్చిదిద్దారు. గాలి వచ్చేలా పుల్లల మధ్య సందులుంచిన టేకు జరుపు తలుపులు, ఆడంబరం లేని గదులు ఇక్కడ ఉష్ణమండల వాతావరణానికి అనువుగా కుదిరాయి.

నేటి వినియోగం

చాపల గది లేని ఇళ్లలో ఈ కళను వాడే పద్ధతులు మూడు. ఒకటి, గోడలో ఒక అరను లేదా తక్కువ ఎత్తు బల్లను గూడుగా కేటాయించి, ఒక చుట్టను, ఒక పూలపాత్రను మార్చి మార్చి పెట్టడం. రెండు, మడత తెరను లేదా కుమికో జాలీని గది విభజనకు, నోరెన్‌ను వంటగది గుమ్మానికి వాడటం. మూడు, ముద్రణ చిత్రాలను చట్రం కట్టి గోడకు తగిలించడం. తెరను గోడకు చదునుగా బిగించడం సామాన్యమైంది. స్థలం కలిసివచ్చినా, మడతల వల్ల కలిగే లోతు పోతుంది.

ముద్రణ చిత్రాల్లో మూడు స్థాయిలు గుర్తించాలి: నాటి అసలు ప్రతులు, పాత పద్ధతిలోనే కొత్తగా చెక్కి ముద్రించిన ప్రతులు, యంత్ర ముద్రణలు. రెండో రకంలో కాగితం వెనుకవైపు రంగు ఇంకిన జాడ కనిపిస్తుంది. ఈ ప్రతుల ధర తక్కువ, వెలుతురుకు పెట్టినా అసలు ప్రతికి నష్టం ఉండదు.

పరిరక్షణ

ఉకియో-ఎలో వాడిన కుసుంబా ఎరుపు, కొన్ని మొక్కల నీలాలు వెలుతురుకు త్వరగా పాలిపోతాయి. మ్యూజియాలు ఇటువంటి చిత్రాలకు 50 లక్స్ మించని వెలుతురు వాడతాయి. ఇంట్లో నేరుగా ఎండ పడే గోడకు వీటిని పెట్టకూడదు. తేమ ఎక్కువైతే బూజు, కాగితపు పురుగు పడతాయి. తేమ మరీ తగ్గితే లక్క పగులుతుంది, తెర కాగితం బిగుసుకుని చిరుగుతుంది. చుట్టను కొద్ది వారాలకు మించి వేలాడదీయక, పొడి రోజున చుట్టి, తేలికైన పౌలోనియా చెక్క పెట్టెలో ఉంచడం సంప్రదాయం. తేమ పెరిగితే ఆ చెక్క ఉబ్బి మూత బిగుసుకుంటుంది, లోపలి చిత్రానికి రక్షణ కలుగుతుంది. పాత చుట్టల కర్రల కొసలకు ఏనుగు దంతం వాడి ఉండవచ్చు. వాటిని దేశం దాటించడానికి వన్యప్రాణి వ్యాపార నిబంధనలు వర్తిస్తాయి.

ప్రాముఖ్యం, చర్చనీయాంశాలు

కళను, నివాసాన్ని వేరు చేయకపోవడం ఈ సంప్రదాయం ప్రపంచ గృహాలంకరణకు ఇచ్చిన ప్రధానమైన ఆలోచన. యానగి సోఎత్సు నాయకత్వంలో సాగిన మింగెయి ఉద్యమం రోజువారీ పాత్రల్లోని అందాన్ని ముందుకు తెచ్చింది. 1936లో టోక్యోలో జానపద కళల మ్యూజియం ఏర్పడింది.

ఈ రంగంలో రెండు ప్రశ్నలపై చర్చ సాగుతోంది. బౌద్ధ ఆరాధనకు ఉద్దేశించిన చుట్టలను, ధరించడానికి నేసిన పట్టు పటకాలను కేవలం అలంకార వస్తువులుగా వాడటం సముచితమా అన్నది మొదటిది. ఇటువంటి వాడకం వాటి అర్థాన్ని తుడిచివేస్తుందని ఒక పక్షం అంటుంది. పాత వస్త్రాలు మూలన పడకుండా, చేతివృత్తులకు గిరాకీ నిలిచేలా చేస్తుందని మరో పక్షం వాదిస్తుంది. నిరాడంబరత పేరుతో అమ్ముడయ్యే నేటి అలంకరణ శైలులు జపాన్ కళలోని బంగారు తెరల, కోటల వైభవాన్ని మరుగుపరుస్తున్నాయా అన్నది రెండోది. కానో ఐతొకు, సెన్ నో రిక్యూ ఒకే కాలానికి చెందినవారు. బంగారు గది, మట్టిగోడల గది రెండూ ఈ సంప్రదాయంలోనివే కనుక ఏ ఒక్కదానితోనూ దాన్ని పూర్తిగా నిర్వచించడం కుదరదు.

ఇవి కూడా చూడండి: ఇకెబానా, ఉకియో-ఎ, టాటామీ, తేనీటి వేడుక, బెంగాల్ చిత్రకళా శైలి, మింగెయి, వాషి కాగితం, సాలార్‌జంగ్ మ్యూజియం.